కోరు, గుత్త, కరారు: కార్మిక ఒప్పందాల అనిశ్చితిలో ఫుట్‌బాల్ ఆటగాళ్ల జీతాలు

వ్యాససంగ్రహం: వృత్తి క్రీడాకారుని కరారు తనంతట తాను నిలబడదు. దానిపైన మరో పెద్ద ఒప్పందం ఉంటుంది. ఆ పెద్ద ఒప్పందం గడువు ఎప్పుడు ముగుస్తుందో, ముగిశాక ఏమవుతుందో తెలియనప్పుడు ఆటగాడి జీతం, కరారు కాలపరిమితి, జట్టు మొత్తం జీతాలపై ఉండే గరిష్ఠ పరిమితి అన్నీ కదిలిపోతాయి. అమెరికాలో 2008–2011 మధ్య, భారతదేశంలో 2025–26లో ఇదే జరిగింది. ఈ రెండు అనుభవాలను రాయలసీమ కౌలు పద్ధతులైన కోరు, గుత్తల వెలుగులో పరిశీలించి, అనంతపురం జిల్లా మైదానాల నుంచి వృత్తి ఫుట్‌బాల్ వైపు చూస్తున్న యువతకు ఈ చర్చతో ఉన్న సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కరారు, సమష్టి బేరసారాలు, జీతాల గరిష్ఠ పరిమితి, ఇండియన్ సూపర్ లీగ్, కౌలు, కళ్యాణదుర్గం.

1. ఉపోద్ఘాతం

2025 జూలై 11న ఇండియన్ సూపర్ లీగ్ నిర్వాహక సంస్థ అయిన ఫుట్‌బాల్ స్పోర్ట్స్ డెవలప్‌మెంట్ లిమిటెడ్, రాబోయే సీజన్‌ను నిలిపి ఉంచుతున్నట్లు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకూ క్లబ్బులకూ తెలియజేసింది. కళ్యాణదుర్గం ప్రాంతంలో అది వేరుశనగ విత్తే అదను. రాష్ట్రంలోనే అత్యల్ప వర్షపాతం గల ఈ జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. అది ఎప్పుడు పడుతుందో తెలియకముందే రైతు విత్తనం కొనాలి, అప్పు చేయాలి, భూమి తనది కాకపోతే కౌలు మాట్లాడుకోవాలి. ఫుట్‌బాల్ క్లబ్బుకూ జూలై అలాంటి కాలమే. సీజన్ మొదలుకాకముందే ఆటగాళ్లతో కరారులు కుదరాలి, శిక్షణ మొదలుకావాలి, జీతాలు నడవాలి. రాబడి మాత్రం ఆట మొదలైన తర్వాతే వస్తుంది.

కళ్యాణదుర్గం, కుందుర్పి, శెట్టూరు, కంబదూరు మండలాల నుంచి బెంగళూరుకు కూలి పనులకు వలస వెళ్లడం పాత సంగతి. ఈ ప్రాంతానికి అన్నింటికన్నా దగ్గరలో ఉన్న సూపర్ లీగ్ క్లబ్బు కూడా బెంగళూరు ఎఫ్.సి.యే. 2025 ఆగస్టు 4న ఆ క్లబ్బు తన ప్రధాన జట్టు ఆటగాళ్ల, సిబ్బంది జీతాలను నిరవధికంగా నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. అదే వారంలో ఒడిశా, చెన్నై క్లబ్బులు కూడా అటువంటి నిర్ణయాలే తీసుకున్నాయి. ఈ ఆటగాళ్లెవరూ కరారును ఉల్లంఘించలేదు. వారి కరారుల గడువూ తీరలేదు. వారు సంతకం చేయని వేరొక ఒప్పందం గడువు దగ్గరపడింది, అంతే. ఈ వ్యాసంలో పరిశీలించదలచిన సమస్యకు మూలం ఇక్కడ ఉంది.

2. పదాల సంగతి

తెలుగులో ‘ఒప్పందం’ అన్న మాట చాలా పనులు చేస్తుంది. ఆటగాడికీ క్లబ్బుకూ మధ్య ఉండేదీ ఒప్పందమే, లీగుకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉండేదీ ఒప్పందమే, సమాఖ్యకూ వాణిజ్య భాగస్వామికీ మధ్య ఉండేదీ ఒప్పందమే. పత్రికా వార్తల్లో ఈ మూడూ కలగలిసిపోవడం వల్ల పాఠకుడికి ఎవరు ఎవరికి బాకీ పడ్డారో తెలియకుండా పోతుంది. అందువల్ల ఇక్కడ ఆటగాడు విడిగా చేసుకునేదాన్ని ‘కరారు’ అనీ, ఆటగాళ్ల సంఘం అందరి తరఫున చేసుకునేదాన్ని ‘సమష్టి ఒప్పందం’ అనీ, సమాఖ్య వాణిజ్య సంస్థతో చేసుకునేదాన్ని ‘హక్కుల ఒప్పందం’ అనీ వ్యవహరించడం జరిగింది. ఒక జట్టు ఒక ఏడాదిలో ఆటగాళ్లందరికీ కలిపి చెల్లించగల అత్యధిక మొత్తాన్ని ‘జీతాల గరిష్ఠ పరిమితి’ అనవచ్చు. క్రీడా వార్తల్లో ‘శాలరీ క్యాప్’ అనే వాడుతున్నారు.

ఈ పరిమితి స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి రాయలసీమ వ్యవసాయ పరిభాష ఆశ్చర్యకరంగా ఉపకరిస్తుంది. ఇక్కడ భూమిని రెండు రకాలుగా కౌలుకిస్తారు. కోరు పద్ధతిలో పండినదాంట్లో భాగం పంచుకుంటారు. పంట బాగుంటే ఇద్దరికీ లాభం, ఎండితే ఇద్దరికీ నష్టం. గుత్త పద్ధతిలో పంటతో నిమిత్తం లేకుండా ముందే ఒక మొత్తం ఖాయం చేసుకుంటారు. వాన రాకపోయినా ఆ మొత్తం కట్టవలసిందే, బంగారం పండినా అంతకు మించి అడగడానికి లేదు.

జీతాల పరిమితులు కూడా ఈ రెండు జాతులవే. అమెరికా నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ పరిమితి కోరు వంటిది. లీగ్ ఆదాయంలో ఆటగాళ్ల వాటా ఇంత శాతమని సమష్టి ఒప్పందంలో నిర్ణయిస్తారు (2020 ఒప్పందం కింద అది సుమారు 48 శాతం), ఆ వాటా నుంచి ఒక్కో జట్టు పరిమితిని లెక్కగడతారు. ఐరోపా సమాఖ్య యుయెఫా 2025–26 నుంచి పూర్తిగా అమలుచేస్తున్న నిబంధన కూడా ఈ కోవలోనిదే. జట్టు ఖర్చు క్లబ్బు రాబడిలో 70 శాతం మించరాదు. మన సూపర్ లీగ్ పరిమితి మాత్రం గుత్త వంటిది. కొన్ని సీజన్లపాటు అది జట్టుకు 16.5 కోట్ల రూపాయలుగా ఉండేది. లీగ్ రాబడి పెరిగిందా, తగ్గిందా అన్నదానితో ఆ అంకెకు సూత్రబద్ధమైన ముడి లేదు. ఆ అంకెను ఆటగాళ్లతో కూర్చుని నిర్ణయించిన సమష్టి ఒప్పందమూ లేదు.

పోలికకు హద్దు ఉందన్న మాట నిజమే. గుత్తలో కౌలుదారు కట్టవలసింది ఖాయంగా ఉంటుంది. ఇక్కడ ఖాయమైనది పై హద్దు మాత్రమే, దానికి లోబడి క్లబ్బు ఎంత తక్కువైనా ఖర్చు చేయవచ్చు. అయినా నష్టం ఎవరి నెత్తిన పడుతుందన్న ప్రశ్న అడగడానికి ఈ రెండు మాటలకన్నా సూటియైనవి దొరకవు.

3. అనిశ్చితికి కూడా నిబంధనలు రాసుకున్న లీగ్

అమెరికా ఫుట్‌బాల్ వేరే ఆట. బంతిని కాలికన్నా చేతికే ఎక్కువ అప్పగించే ఆట. ఐనప్పటికీ సమష్టి ఒప్పందం అనిశ్చితిలో పడితే కరారులకు ఏమవుతుందో చూడటానికి అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు. 1993లో కుదిరిన ఒప్పందం ఆటగాళ్లకు ఒక స్వేచ్ఛనూ యజమానులకు ఒక రక్షణనూ ఇచ్చింది. నిర్ణీత కాలం ఆడిన ఆటగాడు కరారు ముగిశాక తనకు నచ్చిన జట్టుకు వెళ్లవచ్చు. ప్రతిగా జట్ల జీతాలపై పరిమితి ఉంటుంది. 1994లో మొదటి పరిమితి 3.46 కోట్ల డాలర్లు. ఈ ఒప్పందాన్ని పలుమార్లు పొడిగించుకుంటూ వచ్చారు. 2006లో పొడిగించినదాని నుంచి ముందుగానే తప్పుకుంటున్నామని 2008 మే నెలలో యజమానులు ఏకగ్రీవంగా ప్రకటించారు.

ఇక్కడొక విశేషం ఉంది. ఒప్పందం రాసినవారు దాని చివరి ఏడాదిని ఇరుపక్షాలకూ ఇబ్బందికరంగా ఉండేలా రాశారు. కొత్త ఒప్పందం కుదరకపోతే 2010 సీజన్‌లో జీతాలకు పై పరిమితి ఉండదు. ఇది యజమానులకు భయం. అయితే ఆ ఏడాది కనీస ఖర్చు నిబంధన కూడా ఉండదు, పైగా ఆటగాడు స్వేచ్ఛగా జట్టు మారడానికి కావలసిన అనుభవం 4 సీజన్ల నుంచి 6 సీజన్లకు పెరుగుతుంది. ఇది ఆటగాళ్లకు భయం. ఇద్దరినీ తిరిగి బేరానికి కూర్చోబెట్టడం దాని ఉద్దేశం. పరిమితి ఎత్తేస్తే జీతాలు ఆకాశాన్నంటుతాయని సామాన్యంగా అనుకుంటారు. 2010లో అలా జరగలేదు. కొన్ని జట్లు నేల హద్దు లేకపోవడాన్ని అవకాశంగా తీసుకుని ఖర్చు తగ్గించుకున్నాయి. 4, 5 సీజన్ల అనుభవంతో స్వేచ్ఛగా బయటికి రావలసిన ఆటగాళ్లు పాత జట్ల చేతిలోనే ఉండిపోయారు.

అనిశ్చితి అసలు ప్రభావం అంతకుముందే, 2008, 2009 సంవత్సరాల్లో రాసిన కరారుల లోపల కనిపిస్తుంది. చివరి పరిమిత సంవత్సరం దాటి సాగే కరారుల్లో మూల జీతం ఏటా ఆ సంవత్సరపు జీతంలో 30 శాతం కన్నా ఎక్కువ పెరగరాదన్న నిబంధన ఒకటి ఉండేది. లేనిపక్షంలో జట్లు పరిమితి ఉన్న ఏళ్లలో తక్కువ చూపి, పరిమితి లేని ఏడాదిలో మొత్తం కుమ్మరించి లెక్క తప్పించుకుంటాయి. ఈ నిబంధన వల్ల దీర్ఘకాలిక కరారులు రాయడం కష్టమైంది. మొదటి ఏడాది జీతం తక్కువగా ఉన్న యువ ఆటగాడికి తర్వాతి ఏళ్లలో పెద్ద పెరుగుదల ఇవ్వడానికి వీల్లేకపోయింది. భవిష్యత్తు తెలియనప్పుడు క్లబ్బు ‘తర్వాత చూద్దాం’ అంటుంది. ఆటగాడికి మాత్రం మోకాలు ఎన్నాళ్లుంటుందో తెలియదు. అనిశ్చితి ఇద్దరికీ సమానమే అయినా, వేచి ఉండగల శక్తి ఇద్దరికీ సమానం కాదు.

2011 మార్చి 12 నుంచి జూలై 25 వరకు యజమానులు లాకౌట్ ప్రకటించారు. దానికి ముందురోజే ఆటగాళ్ల సంఘం తన సంఘ హోదాను తానే వదులుకుంది. వినడానికి వింతగా ఉన్నా దీని వెనుక గట్టి న్యాయతర్కం ఉంది. జట్లన్నీ కలిసి జీతాలకు హద్దు పెట్టుకోవడం మామూలుగా అయితే అక్కడి గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద నేరం. కార్మిక సంఘంతో బేరమాడి కుదుర్చుకున్న హద్దు కాబట్టే దానికి మినహాయింపు. సంఘమే లేకపోతే మినహాయింపూ లేదు. జీతాల పరిమితికి ప్రాణం సమష్టి ఒప్పందంలో ఉందని దీన్ని మించి చెప్పే ఉదాహరణ ఉండదు.

లాకౌట్ ముగిసి పదేళ్ల ఒప్పందం కుదిరాక 2011 పరిమితి 12.0375 కోట్ల డాలర్లకు, అంటే 2009 నాటికన్నా తక్కువకు దిగింది. కథ అక్కడితో ఆగలేదు. పరిమితి లేని 2010లో కరారులను తమకు అనుకూలంగా మలచుకున్నందుకు వాషింగ్టన్ జట్టుకు 3.6 కోట్లు, డల్లాస్ జట్టుకు 1 కోటి డాలర్ల మేర పరిమితిలో కోత విధిస్తున్నట్లు 2012 మార్చిలో లీగ్ ప్రకటించింది. హద్దు లేని ఏడాదిలో హద్దు మీరారన్న అభియోగం! తర్కానికి నిలవదని అప్పుడే విమర్శలు వచ్చాయి, ఆ విమర్శ సమంజసమే.

4. 2025: సంతకం చేయనివారిపై పడిన గడువు

భారతదేశంలో కథ వేరుగా నడిచింది. 2010 డిసెంబరులో సమాఖ్య 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయల హక్కుల ఒప్పందం చేసుకుంది. 2014లో మొదలైన సూపర్ లీగ్ దాని బిడ్డ. ఆ ఒప్పందం 2025 డిసెంబరు 8తో ముగుస్తుందన్న సంగతి మొదటి రోజునుంచీ అందరికీ తెలుసు. సాధారణంగా సెప్టెంబరులో మొదలయ్యే సీజన్‌లో మూడోవంతు గడిచేసరికి నిర్వాహక సంస్థకు హక్కులు ఉండవు. మరోవైపు సమాఖ్య నియమావళి వివాదం సుప్రీంకోర్టులో నడుస్తోంది. అది తేలేవరకు కొత్త ఒప్పందంపై ముందుకు వెళ్లరాదని న్యాయస్థానం సూచించింది. నియమావళి ముసాయిదాను రూపొందించినది సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ లావు నాగేశ్వరరావు. 2025 సెప్టెంబరు 19న దాన్ని కొన్ని మార్పులతో ఆమోదించిన ధర్మాసనంలో జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ జాయ్‌మాల్య బాగ్చీ ఉన్నారు. భారత ఫుట్‌బాల్ నియమావళిలో ఇద్దరు తెలుగు న్యాయమూర్తుల చేయి ఉండటం తెలుగునేలపై పెద్దగా చర్చకు రాలేదు.

అక్టోబరులో వాణిజ్య హక్కులకు టెండరు పిలిచారు. ఏడాదికి కనీసం 37.5 కోట్ల రూపాయల హామీ కోరారు. పాత ఒప్పందం కింద సమాఖ్యకు ఏటా 50 కోట్లు అందుతుండేవి. తగ్గించి అడిగినా నవంబరు 7న గడువు ముగిసేసరికి ఒక్క బిడ్డూ రాలేదు. చివరికి 2026 జనవరి 6న కేంద్ర క్రీడాశాఖ మంత్రి చేసిన ప్రకటనతో ఫిబ్రవరి 14 నుంచి 14 క్లబ్బులతో, 91 మ్యాచ్‌లతో కుదించిన సీజన్ ఖరారైంది. అంతకుముందు సీజన్ లీగ్ దశలో ఒక్కో జట్టు 24 మ్యాచ్‌లు ఆడితే, ఇప్పుడు దాని భాగానికి వచ్చేవి 13.

అమెరికా ఉదంతంతో పోల్చితే తేడా ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడ గడువు ముగిసేది ఆటగాళ్లు తామే సంతకం చేసిన ఒప్పందానికి. ముగింపు ఏడాదికి నిబంధనలు ముందే ఉన్నాయి. ఎవరు ఏం కోల్పోతారో లెక్కగట్టుకునే వీలుంది, దాన్నిబట్టి కరారు రాసుకునే వీలుంది. ఇక్కడ ముగిసిన ఒప్పందంలో ఆటగాళ్లు పక్షం కారు. అది ముగిసినప్పుడు వారి కరారులకు ఏమవుతుందన్న నిబంధన ఎక్కడా రాసి లేదు. 2023లోనో 2024లోనో మూడేళ్ల కరారు చేసుకున్న ఆటగాడికి తన మూడో ఏడాది నేల మరొకరి కౌలు గడువుపై ఆధారపడి ఉందని చెప్పినవారు లేరు.

గుత్త, కోరుల మాట మళ్లీ ఇక్కడ అవసరమవుతుంది. లీగ్ నడుస్తున్నంతకాలం ఆటగాళ్ల జీతాలకు గుత్త సూత్రం వర్తించింది. పై హద్దు ఖాయం, రాబడిలో వాటా అడగరాదు. లీగ్ ఆగగానే ‘రాబడి లేదు కాబట్టి జీతం లేదు’ అన్న కోరు సూత్రం వచ్చింది. వాన పడితే గుత్త, పడకపోతే కోరు అనే కౌలును కళ్యాణదుర్గంలో ఏ రైతూ ఒప్పుకోడు. క్లబ్బుల పక్షాన చెప్పవలసినదీ ఉంది. సూపర్ లీగ్ క్లబ్బులు ఏళ్ల తరబడి నష్టాల్లోనే నడిచాయి. ప్రసారం ఎవరిదో, మ్యాచ్‌లు ఎన్నో తెలియకుండా నెలనెలా జీతాలివ్వడం ఏ యజమానికైనా భారమే. అయితే ఆ భారాన్ని పంచుకునే పద్ధతిని ముందే మాట్లాడుకుని ఉండవలసింది. ఒక ప్రకటనతో బదలాయించడం పంచుకోవడం కాదు.

5. హైదరాబాదు అనుభవం

తెలుగునేలపై ఫుట్‌బాల్ జీవనోపాధి కావడం కొత్త కాదు. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాదు నగర పోలీసు జట్టు ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన ఆ తరానికి కరారు లేదు, జీతాల పరిమితి లేదు. ఉన్నది ఉద్యోగం. మోకాలు దెబ్బతింటే ఆట పోయేది, జీతం మిగిలేది. శాఖల జట్ల స్థానంలో వృత్తి క్లబ్బులు వచ్చాక జీతాలు పెరిగాయి, ఆ భద్రత పోయింది. ఈ మార్పిడిలో లాభమెంతో నష్టమెంతో తెలుగులో ఇంకా ఎవరూ సమగ్రంగా లెక్కగట్టవలసే ఉంది. పరిశోధకులకు మంచి అంశం.

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. ఏడాదిన్నర తిరిగేసరికి జీతాల బకాయిలు వార్తలకెక్కాయి. విదేశీ ఆటగాళ్లు ఫిఫాను ఆశ్రయించారు, కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడింది, 2024 జనవరిలో పలువురు జట్టును వీడారు. 2023–24 సీజన్ మొత్తంలో జట్టు ఒకే ఒక్క మ్యాచ్ గెలిచి అట్టడుగున నిలిచింది. యాజమాన్యం మారింది. 2025 అక్టోబరులో ఆ క్లబ్బే ఢిల్లీకి తరలి పేరు మార్చుకుంది.

జీతాల పరిమితి ఉద్దేశాల్లో క్లబ్బులు తాహతుకు మించి ఖర్చుపెట్టి కూలిపోకుండా చూడటం ఒకటి. హైదరాబాదు క్లబ్బు ఆ పరిమితి ఉన్న లీగ్‌లోనే ఆడింది. రాబడితో ముడిపడని పరిమితి, అంటే గుత్త పరిమితి, బకాయిలను ఆపలేదని ఈ ఉదంతం తెలుపుతోంది. అందరికీ 16.5 కోట్లు అన్నప్పుడు 5 కోట్ల రాబడి ఉన్న క్లబ్బుకు అది హద్దు కాదు, ప్రలోభం.

6. చట్టం ఏం చెబుతుంది?

జీతాలు ఆపిన క్లబ్బులు ప్రధానంగా ఆధారపడగలిగేది ‘అనివార్య పరిస్థితి’ అన్న వాదనపై. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 56వ సెక్షన్ ప్రకారం, తర్వాత వచ్చిన పరిస్థితుల వల్ల నెరవేర్చడం అసాధ్యమైన ఒప్పందం చెల్లదు. సత్యవ్రత ఘోష్ కేసులో (1954) సుప్రీంకోర్టు ఈ అసాధ్యతకు విశాలమైన అర్థమే చెప్పింది. అక్షరాలా అసాధ్యం కానక్కర్లేదు, ఒప్పందపు పునాదే కూలిపోతే చాలు. అయితే ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో (2017) అదే న్యాయస్థానం, నెరవేర్చడం ఖరీదైనంత మాత్రాన ఒప్పందం రద్దుకాదని స్పష్టం చేసింది. మరి 15 ఏళ్ల ముందే తారీఖు తెలిసిన గడువు ‘ఊహించని పరిస్థితి’ ఎలా అవుతుంది? కోర్టు వ్యవహారం, సమాఖ్య జాప్యం ఊహించనివని క్లబ్బులు వాదించవచ్చు. గడువును మాత్రం అలా అనడానికి వీల్లేదు.

ఫిఫా నిబంధనలు ఆటగాడికి మరో తలుపు తెరుస్తాయి. రెండు నెలల జీతం అన్యాయంగా బకాయి పడితే, ఆటగాడు లిఖితపూర్వకంగా 15 రోజుల గడువిచ్చి, అప్పటికీ చెల్లించకపోతే న్యాయమైన కారణంతో కరారును రద్దుచేసుకోవచ్చు. కాగితంపై ఇది బలమైన హక్కు. కానీ లీగే ఆగిపోయినప్పుడు ఆ హక్కు వాడుకుని ఎక్కడికి వెళ్లాలి? విదేశీ ఆటగాడికి వేరే దేశపు లీగ్ ఉంది. భారతీయ ఆటగాడికి దేశంలోని మిగతా తలుపులూ అదే గోడకు ఉన్నాయి.

సమష్టి ఒప్పందం మాటేమిటి? భారత ఫుట్‌బాల్ ఆటగాళ్ల సంఘం 2006లో ఏర్పడింది. అంతర్జాతీయ ఆటగాళ్ల సమాఖ్య ఫిఫ్‌ప్రోతో దానికి అనుబంధం ఉంది. అయినా లీగ్‌తో జీతాలపై బేరమాడి సంతకం చేసిన స్థాయికి అది చేరలేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి, ఒక సంస్థలోని కార్మికుల్లో 51 శాతం సభ్యత్వమున్న సంఘాన్ని ఏకైక సంప్రదింపుల సంఘంగా గుర్తించాలంటోంది. ఫుట్‌బాల్ ఆటగాడు ఆ స్మృతి చెప్పే ‘కార్మికుడు’ అవుతాడా, ‘సంస్థ’ అంటే క్లబ్బా, లీగా అన్నవి ముందుగా తేలవలసిన ప్రశ్నలు. అవి తేలనంతకాలం మన జీతాల పరిమితి ఎవరితోనూ బేరమాడని హద్దుగానే ఉంటుంది.

7. అనంతపురం మైదానం నుంచి

1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్.డి.టి.) ఆసుపత్రి కళ్యాణదుర్గంలో ఉంది. అదే సంస్థ అనంతపురంలో నడిపే క్రీడాగ్రామంలో పల్లెల నుంచి వచ్చిన బాలబాలికలు ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. స్పెయిన్‌కు చెందిన లాలిగా కూడా ఈ కృషికి తోడ్పడింది. ఇటువంటి శిక్షణ కేంద్రాలకు పై చర్చతో నేరుగా లెక్క ఉంది.

ఫిఫా నిబంధనల ప్రకారం, కరారు మధ్యలో ఆటగాడు అంతర్జాతీయంగా క్లబ్బు మారి బదిలీ రుసుము చెల్లిస్తే, అందులో 5 శాతం అతడికి 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలి. 12 నుంచి 15 ఏళ్ల దాకా ఏడాదికి రుసుములో 0.25 శాతం, ఆ తర్వాత ఏడాదికి 0.5 శాతం. కోటి రూపాయల బదిలీలో తొలి నాలుగేళ్లు శిక్షణ ఇచ్చిన నమోదిత క్లబ్బుకు లక్ష వస్తుంది. పెద్ద మొత్తం కాదు. కానీ కరారు మధ్యలో ఉంటేనే బదిలీ రుసుము ఉంటుంది. పైన అనిశ్చితి ఉన్నప్పుడు క్లబ్బులు ఏడాది కరారులకే మొగ్గుచూపుతాయి. ఏడాది ముగిశాక ఆటగాడు ఉచితంగా మరో క్లబ్బుకు వెళ్తాడు. రుసుము లేదు కాబట్టి వాటా లేదు. ఎక్కడో ముంబైలో పొడిగించని ఒప్పందం ఇక్కడి మైదానానికి రావలసిన లక్షను ఇలా మింగేస్తుంది. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం (2019) కింద కౌలు ఒప్పందం 11 నెలలకే పరిమితం. పదకొండు నెలల కౌలుదారు పొలానికి చెరువుమట్టి తోలించడు. ఏడాది కరారు ఇచ్చే క్లబ్బు కూడా యువ ఆటగాడిపై అంతకు మించి శ్రద్ధ పెట్టదు.

మరొక చిక్కు వయసుది. 18 ఏళ్లలోపు ఆటగాడితో మూడేళ్ల వరకు వృత్తి కరారు చేసుకోవచ్చని ఫిఫా అంటుంది. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటినుంచే చెల్లదని భారతీయ న్యాయం మోహరీ బీబీ కేసు (1903) నాటినుంచి అంటోంది. రెండింటి మధ్య వంతెనగా నిలిచేది సంరక్షకుడి సంతకం. ఆ సంరక్షకుడు కుందుర్పి పక్క ఊళ్లో ఐదెకరాలు కౌలుకు చేసే రైతు అనుకుంటే, కోరుకూ గుత్తకూ తేడా అతనికి ఒకరు నేర్పనక్కర్లేదు. లీగ్ ఆగితే జీతం ఎన్ని నెలలు నడుస్తుంది, మ్యాచ్‌లు సగమైతే జీతం సగమవుతుందా, క్లబ్బు ఊరు మారితే కరారు వెంట వస్తుందా అన్న మూడు ప్రశ్నలు అతడు తప్పక అడుగుతాడు, కాగితం అతడు చదవగల భాషలో ఉంటే. సంతకానికి వచ్చే కరారు పత్రం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది.